78 ఏళ్ల వయసులో పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌ను తట్టుకోగలరా?

గుంటూరులో ఉంటున్న మీ నాన్నగారికి ఈ వయసులో కోత ఎందుకని బంధువులు అంటున్నారని రాశారు. వయసొక్కటే చూసి ఆ మాట అనడం అన్యాయం. చూడాల్సింది ఒంట్లో ఎంత సత్తువ మిగిలి ఉందన్నది.

గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల పరీక్షలు ఎలాగూ చేస్తారు. నేను ఎక్కువ విలువిచ్చేది నడక పరీక్షకు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 20 సెకన్లు దాటిందంటే ముప్పు ఎక్కువని అనుమానించాలి. లేచేటప్పుడు చేతుల ఊతం కావాల్సి వస్తోందా, మలుపు దగ్గర తూలుతున్నారా అన్నది ఇంట్లోనే గమనించి డాక్టరుకు చెప్పండి. ఇటీవల బరువు తగ్గారా, మతిమరుపు ఉందా అన్నదీ దాచకండి. మతిమరుపు ఉన్నవారు ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు అయోమయంలో పడే అవకాశం ఎక్కువ.

కుడివైపు పేగులో గడ్డ ఉంటే రక్తం కంటికి కనిపించకుండానే పోతూ ఉంటుంది. హిమోగ్లోబిన్ తక్కువైతే ముందుగానే ఐరన్ ఎక్కించవచ్చు.

బలహీనంగా ఉన్నారని తేలినంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. సర్జన్ ఒప్పుకుంటే రెండు నుంచి నాలుగు వారాలు గుడ్లు, పప్పు, పెరుగు బాగా పెట్టి, ఎండ ముదరకముందే రోజూ నడిపించండి. చుట్ట, సిగరెట్ మాన్పించండి. అయితే కడుపు ఉబ్బి, వాంతులై, మలం, గాలి ఆగిపోతే క్షణం ఆలస్యం చేయకండి. పేగు మూసుకుపోయాక హడావిడిగా చేసే ఆపరేషన్‌లో ప్రాణాపాయం చాలా ఎక్కువ.

మత్తు డాక్టరును ముందే కలవండి. పొట్టపై మలసంచి అవసరమవుతుందా అని సర్జన్‌ను మీ నాన్నగారి ఎదుటే అడగండి. నిర్ణయం ఆయనది.