జార్ పట్టాభిషేకం ఆల్బమ్ నుంచి విడదీసిన బొమ్మ అసలుదేనా, కొనొచ్చా?

మీరు అడుగుతున్నది 1899లో వచ్చిన, రష్యా చక్రవర్తి (జార్) రెండో నికోలస్ పట్టాభిషేకం ఆల్బమ్ గురించే కదా, అందులోంచి విడదీశామని చెప్పి ఒక రంగు బొమ్మ అమ్ముతున్నారు, నమ్మొచ్చా అని. పీటర్స్‌బర్గ్‌లో మెడిసిన్ చదివే రోజుల్లో లితేనీ ప్రాస్పెక్ట్ అనే వీధిలో పాత పుస్తకాల షాపులు తెగ తిరిగేవాణ్ని (కొనే స్తోమత ఎక్కడిది లెండి), ఒక షాపాయన చేతులు కడుక్కుని రమ్మని ఈ ఆల్బమ్ రెండు సంపుటాలూ బల్ల మీద పెట్టి చూపించాడు, ఏం చూడాలో కూడా ఆయనే చెప్పాడు.

మొదట భూతద్దం. ఈమధ్య వేసిన ఆఫ్‌సెట్ ప్రింటయితే రంగు చుక్కలు వరసగా, ఒక పద్ధతిలో ఉంటాయి. ఆ కాలపు క్రోమోలిథోగ్రఫీలో, అంటే రాతి పలకల మీంచి రంగులు అచ్చు వేసే పద్ధతిలో, ఒక్కో రంగూ విడిగా అద్దుతారు, కాబట్టి చుక్కలు చిన్నా పెద్దా, ఎగుడుదిగుడుగా, సుద్దముక్కతో గీసినట్టు కనిపిస్తాయి. అమ్మేవాణ్ని దగ్గరగా తీసిన ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

కింద రష్యన్ అక్షరాలుంటే 1918కి ముందరి స్పెల్లింగ్ ఉండాలి, హల్లుతో ముగిసే మాటల చివర Ъ కనిపించాలి. ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, లేకపోతే మాత్రం కాదనే లెక్క. పట్టాభిషేకం తేదీ మే 14 అని ఉంటే కంగారు పడకండి, అది పాత క్యాలెండర్, మన లెక్కలో మే 26, 1896.

నన్నడిగితే విడి షీటు అసలు కొనొద్దు. రేపిన్, సెరోవ్, వాస్నెత్సోవ్ లాంటి పెద్ద చిత్రకారులతో వేయించిన బొమ్మలవి, పక్కన వివరణ లేకుండా చూస్తే సగం అర్థం కావు. పైగా అది రాజుగారి కొలువు ఖర్చుతో వేయించిన పుస్తకం, అంతా బంగారమూ వెలుగులూనే. పట్టాభిషేకమైన నాలుగో రోజున మాస్కోలోని ఖొదింకా మైదానంలో ఉచితంగా పంచే ఎనామెల్ కప్పు, తినుబండారాల మూట కోసం జనం తోసుకుని అధికారిక లెక్క ప్రకారమే 1,389 మంది చనిపోయారు, ఆ రాత్రే జార్ ఫ్రెంచి రాయబారి ఇచ్చిన విందు నృత్యానికి వెళ్లాడు. అదీ చదివి ఆ బొమ్మలు చూడండి, వేరేగా కనిపిస్తాయి.

ఇంకోటి, అమ్మేవాడు రష్యాలో ఉంటే వందేళ్లు దాటిన వస్తువుని అనుమతి లేకుండా దేశం దాటించడానికి లేదు. డబ్బు పంపకముందే ఆ కాగితం అడగండి.