ద్రాక్ష స్పాకి 38 వేలు పెట్టొచ్చా? నల్గొండ టీచర్ మేడం ప్రశ్నకు జవాబు

ముందు మేడం పంపిన మెసేజ్, కొంచెం కుదించి పెడుతున్న:

"నమస్తే సార్. మాది నల్గొండ, జెడ్పీ హైస్కూల్ల టీచర్‌ని, వయసు 46. కటింగులన్నీ పోను చేతికి 64 వేలు వస్తయ్. మా ఆయన మిర్యాలగూడ రైస్ మిల్లుల అకౌంట్స్ చూస్తరు, 28 వేలు. అమ్మాయి బీటెక్ సెకండియర్, హైదరాబాద్ల హాస్టల్. ఇంటి లోన్, హాస్టల్, ఇంటి ఖర్చు అన్నీ పోయి నెలకు అటూఇటుగా 5 వేలు మిగుల్తయ్. మా స్టాఫ్‌ల నలుగురం దసరా సెలవుల్ల నాసిక్ పోదామనుకుంటున్నం, అక్కడ వైన్ స్పా అంట, ద్రాక్ష గింజల స్క్రబ్, చెక్క తొట్టిల స్నానం, వైన్ ఫేషియల్. మనిషికి 38 వేలు అయితది అని లెక్కేసిన్రు. ఇదిగాక హైదరాబాద్ల ఒక స్పా వాళ్ళు 60 వేలకు ఏడాది మెంబర్‌షిప్, 24 సార్లు, నో కాస్ట్ ఈఎంఐ అని వెంట పడుతున్నరు. పోస్టాఫీస్ ఆర్‌డీ ఉంది నెలకు 3 వేలది, 2024 జూన్‌ల మొదలుపెట్టిన. 2 లక్షల చిట్టీ నాలుగో నెల నడుస్తుంది. గోల్డ్ లోన్ లక్షా ఇరవై వేలు ప్రైవేట్ ఫైనాన్స్‌ల, నూటికి రూపాయిన్నర. ఆర్‌డీ తీయాల్నా, చిట్టీ పాడాల్నా, కార్డ్ మీద పెట్టాల్నా? మా ఆయన అయితే ఒళ్ళు రుద్దించుకోనీకె నలభై వేలా అని నవ్వుతున్నడు. నాది తప్పా సార్?"

తప్పేం లేదు మేడం. ఇరవై ఏళ్ళ దగ్గర దగ్గర సర్వీస్ చేసి, ఇల్లు, పిల్ల, బడి మూడూ మోసిన మనిషి మూడ్రోజులు ఒళ్ళు సుఖపెట్టుకుంటా అంటే దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు, ఫైనాన్షియల్ ప్లానర్ది అసలే అక్కర్లేదు. నన్ను అడగాల్సింది పైసలు ఎక్కడి నుంచి తేవాలి అన్నదొక్కటే. సార్ నవ్వుతున్నరు అంటున్నరు కదా, ఆయన పోయిన ఏడాది ఫోన్‌కి, బండికి, దోస్తుల దావత్‌లకి పెట్టింది ఒక కాగితం మీద రాయమనండి, నవ్వు దానంతట అదే తగ్గుతది.

సరే, అసలు ఈ వైన్ స్పా ఏంది, దానికి ఇంత రేటు ఎందుకు అన్నది తెలిస్తే ఎంత పెట్టాలో మీకే అర్థమైతది. ఇది పుట్టింది ఫ్రాన్స్‌లో, బోర్డో దగ్గర షాటో స్మిత్ ఓ లఫిట్ అనే ద్రాక్ష తోటలో. 1993లో కోతల టైంలో బోర్డో యూనివర్సిటీ ఫార్మసీ ప్రొఫెసర్ జోసెఫ్ వెర్కోటెరెన్ ఆ తోట చూడనీకి వచ్చి, మీరు పారేస్తున్న గింజల్లో పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లు ఉంటయ్, బంగారం లాంటివి అని ఆ ఇంటి బిడ్డ మాటిల్డ్‌కి, ఆమె కాబోయే భర్త బెర్ట్రాండ్ థామస్‌కి చెప్పిండు. వాళ్ళు 1995లో కోడాలీ అని క్రీముల కంపెనీ పెట్టిన్రు, 1999లో అదే తోటలో స్పా హోటల్ తెరిచిన్రు. తొట్టి స్నానం, గింజల పొడి తేనె చక్కెర కలిపి రుద్దుడు, ఒంటికి పూత పూసి చుట్టిపెట్టుడు, ఇవన్నీ అక్కడి నుంచే లోకమంతా పాకినయ్. మన దగ్గర వైన్ తోటలంటే నాసిక్, గంగాపూర్ డ్యామ్ వైపు, కాబట్టి ఇట్లాంటి స్పాలు కూడా అటే చేరినయ్.

దీంట్లో మన లెక్కకు పనికొచ్చేది ఏందంటే, ముడిసరుకు చవక. రసం పిండినాక మిగిలిన తొక్కలు, గింజలు. కాబట్టి ఒక్కో ట్రీట్‌మెంట్‌కి మీరు ఇచ్చే ఆరువేల ఐదొందల్లో ద్రాక్ష వాటా చాలా తక్కువ, మిగతాదంతా గదికి, గంటన్నర పనిచేసే చేతులకు, కిటికీలోంచి కనబడే తోటకి. ఆ చేతులు బాగుంటే పైసలు వసూలైనట్టే. చర్మం పదేళ్ళు వెనక్కి పోతది అని చెప్తే మాత్రం నమ్మకండి. గింజల్లో, తొక్కల్లో యాంటీఆక్సిడెంట్లు ఉన్నమాట నిజమే, ల్యాబ్‌లో పని చేస్తయ్, కానీ అరగంట పూత పూస్తే అవి చర్మం లోపలికి ఎంత దిగుతయ్ అన్నది వేరే సంగతి. నలుగు పెట్టుకున్నా పైన మురికి, చచ్చిన చర్మం పోయి ఒళ్ళు మెత్తగనే ఉంటది, ఇదీ ఆ జాతి పనే, కాకపోతే ఏసీ గదిలో వేరేవాళ్ళు చేసి పెడతరు, హాయి అంతా ఆ వేరేవాళ్ళు చేసిపెట్టుడులోనే ఉంది. బీపీ మందులు వాడుతుంటే వేడి తొట్టిలో దిగేముందు అక్కడివాళ్ళకు చెప్పండి, పైనుంచి గ్లాస్ వైన్ తాగి దిగుడు అసలే వద్దు, తల తిరుగుతది. 

కాబట్టి ఈ ఖర్చు ఆరోగ్యం ఖాతాలో రాయొద్దు, సరదా ఖాతాలో రాయండి. ఆరోగ్యం ఖాతాలో రాస్తే మనసు ఏ రేటుకైనా ఒప్పుకుంటది. సరదా అనుకుంటే బేరం గుర్తొస్తది.

ఇగ మీ మూడు దారులు చూద్దాం.

ఆర్‌డీ. ఇది మీ చేతిలో లేదు. పోస్టాఫీస్ ఐదేళ్ళ ఆర్‌డీ మూడేళ్ళు నిండకుండా మూయనియ్యరు, మీది 2027 జూన్ దాకా ముట్టుకోలేరు. ఆ తర్వాత మూసినా ఆర్‌డీకి ఉన్న 6.7 శాతం వడ్డీ ఇయ్యరు, సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతం లెక్కనే చేతిలో పెడతరు. ఏడాది కట్టినాక జమలో సగం వరకు లోన్ ఇస్తరు, ఆర్‌డీ వడ్డీ మీద 2 శాతం ఎక్కువ, అంటే 8.7 పడతది. స్పా కోసం ఆ లోన్ తీయండి అని నేను చెప్పను, కానీ ఈ 8.7 సంగతి గుర్తు పెట్టుకోండి, కింద అక్కరకొస్తది.

చిట్టీ. నాలుగో నెలలో పాడితే గట్టిగా తగ్గియ్యాలి. ఓ 50 వేలకు పాడిన్రనుకుందాం, చేతికి లక్షన్నర. మీకు కావాల్సింది 38 వేలు, ఎత్తింది లక్షన్నర, మిగతా లక్షా పన్నెండు వేలు ఏం చేస్తరు? నాకు తెలుసు ఏం చేస్తరో, గద్వాల చీర ఒకటి, ఇంట్లో ఫ్రిజ్ మార్చుడు, చుట్టాలు ఎవరో చేబదులు అడుగుడు, మూడు నెలల్లో మాయం. నెల నెలా కట్టుడు మాత్రం చివరిదాకా ఉంటది. సరదా కోసం చిట్టీ మొదట్లో ఎత్తుడంత ఖరీదైన పని ఇంకోటి లేదు.

కార్డ్. ఒకే నెలలో మొత్తం కట్టేస్తా అంటే ఓకే, లేకుంటే వద్దే వద్దు. మినిమం డ్యూ కట్టుకుంట పోతే నెలకు మూడు, మూడున్నర శాతం, ఏడాదికి నలభై దగ్గర, ఆ వడ్డీ మీద మళ్ళీ జీఎస్టీ 18 శాతం.

మూడూ వద్దంటే మరి పైసలు ఎక్కడియి అంటరు. మేడం, మీ స్పా పైసలు మీ ఇంట్లోనే ఉన్నయ్, ప్రతి నెలా ఆ ప్రైవేట్ ఫైనాన్స్ వాళ్ళకు కట్టి వస్తున్నరు. లక్షా ఇరవై వేలకు రూపాయిన్నర వడ్డీ అంటే నెలకు 1,800, ఏడాదికి 21,600. మీరు మెసేజ్‌లో ఈ గోల్డ్ లోన్ సంగతి ఆఖర్న ఒక ముక్కలో చెప్పి పోయిన్రు, నాకేమో అదే మొదలు కనబడ్డది. గవర్నమెంట్ బ్యాంకులో బంగారం మీద తొమ్మిదిన్నర శాతానికి దొరికితే నెలకు 950 పడతది. అంటే నెలకు 850 మిగులు, ఏం తిండి తగ్గించకుండా, ఏ చీర మానకుండా.

ఎట్ల మార్చాలంటే, మీ జీతం పడే బ్యాంకులోనే ముందు అడగండి, టీచర్ శాలరీ అకౌంట్ అంటే మాట వింటరు, కొన్ని బ్యాంకులు టేకోవర్ కూడా చేస్తయ్, అంటే ప్రైవేట్ వాళ్ళ అప్పు తామే కట్టి బంగారం తమ దగ్గరకు తెచ్చుకుంటయ్. టేకోవర్ లేదంటే బంగారం విడిపించి అదే రోజు బ్యాంకులో పెట్టాలి, ఆ ఒక్కరోజుకు పైసలు సర్దాలి. ఆర్‌డీ మీద 8.7 లోన్ అన్న కదా, విడిపించనీకి కావాల్సిన లక్షా ఇరవై వేలల్లో కొంత దాంట్లో దొరుకుతది, బ్యాంక్ లోన్ పడంగనే తీర్చేయండి. మిగతాది సార్‌ని మిల్లులో ఒక రోజుకు సర్దమనండి, నవ్వినందుకు అదే ఫైన్. తూకం చేసే అప్రైజర్ చార్జీ, ప్రాసెసింగ్ ఫీజు ముందే అడగండి, అన్నీ కలిపి రెండు నెలల మిగులు దాటకుంటే మార్చుడే లాభం. చిట్టీ ఆఖరి నెలల్లో, పాట తక్కువకు పోయేటప్పుడు ఎత్తి ఈ లోన్ మొత్తం కొట్టేయండి, దానికి ఆ చిట్టీ సరైన పని.

ఇప్పుడు ట్రిప్ ఖర్చు తగ్గిద్దాం. మీవాళ్ళ లెక్క: రూమ్ వాటా రెండు రాత్రులకు 14 వేలు, రెండు ట్రీట్‌మెంట్లు 13 వేలు, రైలు ఆటోలు 6 వేలు, తిండి షాపింగ్ 5 వేలు. రూమ్ వీకెండ్ రేటు కొట్టిన్రు. మహారాష్ట్ర వాళ్ళకు దసరాకు మనంత లాంగ్ సెలవులు ఉండవు, కాబట్టి సోమవారం దిగి బుధవారం ఎక్కేటట్టు పెట్టుకోండి. ఇంకోటి, రూమ్ రేటు రోజుకు 7,500 లోపుంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18. 7,400 రూమ్ ట్యాక్స్‌తో 7,770 అయితది, 7,600 రూమ్ 8,968 అయితది. రెండొందల తేడాకు పన్నెండొందలు! ఇద్దరికి ఒక రూమ్ ఆ 7,400లో దొరికితే రెండు రాత్రులకు మీ వాటా 7,770. తోట లోపలి రిసార్ట్‌లోనే ఉండాలని ఏం లేదు, టౌన్‌లో ఉండి స్పాకు పోయి రావొచ్చు.

ట్రీట్‌మెంట్ ఒకటి చాలు, ఆ గంటన్నరది. రెండోది ఫేషియల్ అన్నరు, అది నల్గొండలో కూడా చేస్తరు. స్పా సర్వీసులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 నుంచి 5కి తగ్గింది, 6,500కి 325 మాత్రమే కట్టాలి, పాత రేటు వేస్తే బిల్లు వెనక్కి ఇవ్వండి. మొత్తం వేసుకుంటే 25,600 దగ్గర ఆగుతది.

దసరాకు ఇంకా ఎనిమిది నెలలుంది. గోల్డ్ లోన్ మిగులు 850, మీరు నెల మిగుల్లోంచి 2,400, రెండూ కలిపి వేరే సేవింగ్స్ ఖాతాలో పడేట్టు ఒకటో తారీఖే పెట్టేయండి, 26 వేలు అయితయ్. అప్పు లేదు, ఆర్‌డీ కదలలే, చిట్టీ కదలలే. డీఏ ఏరియర్స్ వస్తయ్ కదా అని ఈ లెక్కలో కలపకండి, వచ్చిన రోజు చూద్దాం. వచ్చే ఏడాదికి జరుపుదామనుకుంటే మాత్రం ఆలోచించండి, 2027లో నాసిక్‌లో కుంభమేళా, రూమ్‌ల రేట్లు ఎట్లుంటయో చెప్పలేం.

ఒక చిన్న మాట, అక్టోబర్‌లో పోతే తీగలకు గుత్తులు ఉండవు, అప్పుడే కొమ్మలు కత్తిరిస్తరు, పండ్లు జనవరి నుంచి మార్చి మధ్యలో. ఫోటోల కోసమైతే నిరాశ పడతరు. స్పాకు మాత్రం తేడా లేదు, గింజల పొడి డబ్బాలో ఏడాదంతా ఉంటది, జనం తక్కువ కాబట్టి బేరం కూడా కుదురుతది. దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్‌లో ఆగుతది, త్రయంబకేశ్వరం కూడా నాసిక్ దగ్గర్లోనే, ఇంట్లో పెద్దోళ్ళకు చెప్పనీకి ఆ పేరు సరిపోతది. సద్దుల బతుకమ్మ నాటికి ఇంట్లో ఉండేట్టు చూసుకోండి, లేకుంటే స్పాలో వచ్చిన హాయి అత్తమ్మ ఒక్క మాటతో పోతది.

మెంబర్‌షిప్ సంగతి. 60 వేలకు 24 సార్లు, ఒక్కోటి 2,500 అని చవకగా కనబడుతది. నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైమాటే, ఎక్స్‌ప్రెస్ బస్ మీకు ఫ్రీనే అనుకోండి, కానీ ఆదివారం మొత్తం పోతది. రెండు వారాలకోసారి పోతరా నిజంగా? పరీక్షలు, పేపర్లు, ఎలక్షన్ డ్యూటీలు, పెళ్ళిళ్ళు. ఎనిమిది సార్లు పోయినా గొప్పే, అప్పుడు ఒక్కోటి 7,500 పడ్డట్టు, నాసిక్ కంటే ఎక్కువ. నో కాస్ట్ అంటే కూడా వడ్డీ లేదని కాదు, ఆ వడ్డీని ధరలో తగ్గించి చూపిస్తరు, వడ్డీ మీద జీఎస్టీ మీరే కడతరు, 16 శాతం లెక్కన 12 నెలలకు 880 రూపాయల దాకా, పైన ప్రాసెసింగ్ ఫీజు. ఇవి చిన్నవి. పెద్ద భయం ఏందంటే స్పా మధ్యలో మూతపడితే మీ ఈఎంఐ ఆగదు, ఎందుకంటే అప్పు బ్యాంక్ ఇచ్చింది, స్పా ఇయ్యలే. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, కేసు వేయొచ్చు, ఆ తిరుగుడు ఎవరికి కావాలి. మళ్ళీ ఫోన్ చేస్తే ఒక్కసారికి ఎంత అని అడగండి, మనసైనప్పుడు ఆ రేటు కట్టి పోండి.

ఈ వారంలో చేయాల్సింది ఒక్కటే, గోల్డ్ లోన్ రసీదు తీసి వడ్డీ స్లాబ్‌లు చూడండి. చాలా ప్రైవేట్ కంపెనీల్లో నెల నెలా కడితే ఒక రేటు, రెండు మూడు నెలలు ఆగితే ఇంకా పెద్ద రేటు ఉంటది, మీ రూపాయిన్నర ఏ స్లాబ్‌దో తెలియాలి. వేలం తేదీ, ముందే మూస్తే ఏమన్నా చార్జ్ ఉందా అన్నది కూడా అందులోనే ఉంటది. అవి చూసుకున్నాకే బ్యాంక్‌కి పోండి, బంగారం తూకం రాసిన కాగితం వెంట తీసుకపోండి.