టెక్ సందేహాలు: సర్వర్ ఆగిపోయాక చేతికొచ్చిన ఆట

ఈ వారం ఉత్తరాలు ఎక్కువగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఏళ్ల తరబడి ఇంటర్నెట్ ఉంటేనే నడిచిన ఫోను ఆట మూతపడి, అదే ఆట ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే ఆఫ్‌లైన్ రూపంలో మళ్లీ వస్తే ఏం చేయాలి? నాకు ఎంతో ఇష్టమైన విషయం కాబట్టి ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి దీనికే చోటిస్తున్నాను.

ప్రశ్న: ఫోనులో మెగా మ్యాన్ ఎక్స్ డైవ్ రెండేళ్లకు పైగా ఆడాను. ఎన్నో పాత్రలు సంపాదించాను, డబ్బు కూడా పెట్టాను. ఆ సేవ ఆగిపోయింది. ఇప్పుడు అదే ఆట ‘ఆఫ్‌లైన్’ పేరుతో కనిపిస్తోంది. నా పాత పాత్రలు అందులోకి వస్తాయా? మళ్లీ డబ్బు పెట్టి కొనడం సబబేనా?

జవాబు: పాత పాత్రలు రావు. ఆన్‌లైన్ ఖాతాలో మీరు సాధించినదాన్ని కొత్త ఆటలోకి తెచ్చుకునే దారి ఆట కంపెనీ కాప్‌కామ్ ఇవ్వలేదు. మొదటి స్టేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అది బాధ కలిగించే మాటే అయినా, కొన్నాక తెలియడం కంటే ముందే తెలియడం మేలు.

అయినా కొనమనే నా సలహా. ఎక్స్ డైవ్‌ను 2020లో కాప్‌కామ్ తైవాన్ బృందం తెచ్చింది. పక్కకు పరిగెడుతూ, గెంతుతూ, గోడను తన్ని పైకెగురుతూ, దూసుకుపోతూ కాల్చే పాత మెగా మ్యాన్ ఎక్స్ పద్ధతికి, పాత్రలనూ ఆయుధాలనూ పోగుచేసి బలం పెంచుకునే రోల్ ప్లేయింగ్ పద్ధతిని జోడించింది. పాత ఆటల సమాచారమంతా దాచిన ‘డీప్ లాగ్’ అనే లోకం చెదిరిపోతే, రికో అనే సహాయకురాలితో కలిసి ఆటగాడు దాన్ని చక్కదిద్దడం కథ. ఆఫ్‌లైన్ రూపం 2023 సెప్టెంబరు 1న ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లలోనూ, పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లోనూ విడుదలైంది. అదే నెల 27న కాప్‌కామ్ స్వయంగా నడిపిన ఆన్‌లైన్ సేవ ముగిసింది. వేరే సంస్థ నడిపిన అంతర్జాతీయ వెర్షన్ ఆ తర్వాత కూడా కొంతకాలం సాగింది. మీరు ఆడినది అదే కావచ్చు.

రెండింటికీ ఉన్న అసలు తేడా గాచాలో ఉంది. డబ్బు కట్టి, కళ్లు మూసుకుని చీటీ తీసినట్టు పాత్రల కోసం అదృష్టాన్ని పరీక్షించుకునే ఆ పద్ధతి ఆఫ్‌లైన్ రూపంలో లేదు. విడుదలనాడు ధర 29.99 డాలర్లు. ఫోను ఆటకు ఎక్కువే అనిపించవచ్చు. కానీ 100కు పైగా పాత్రలు, 900కు పైగా స్టేజీలు ఆ ఒక్క ధరలోనే ఉన్నాయి, లోపల మళ్లీ డబ్బు అడగరు. కావలసిన పాత్రను ఆడుతూ సంపాదించుకోవచ్చు. ఒక్క పాత్ర కోసం చీటీ మీద చీటీ తీసి చేతులు కాల్చుకున్నవాళ్లకు ఈ మార్పు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పోయినవి కూడా ఉన్నాయి. ఇతర ఆటగాళ్లతో పోటీ, కలిసి ఆడటం ఇక లేవు. మీరు ప్రధానంగా వాటికోసమే ఆడి ఉంటే డబ్బు పెట్టకండి. బలం పెంచుకోవడానికి అవే స్టేజీలు మళ్లీ మళ్లీ ఆడవలసిన తీరు చాలావరకు అలాగే ఉంది. ఫోను మీద రెండు మూడు నిమిషాల తీరికలో ఆడేలా కూర్చిన ఆట కాబట్టి స్టేజీలు చిన్నవి. పీసీ ముందు కూర్చుని గంటలకొద్దీ ఆడితే విసుగు పుట్టవచ్చు. రోజుకు కాసేపు ఆడేవాళ్లకు మాత్రం ఇది చాలాకాలం తోడుంటుంది.

పాత ఆటలో పెట్టిన డబ్బు తిరిగి రాదు. అప్పట్లో మీరు ‘కొన్న’ పాత్ర నిజానికి కంపెనీ సర్వర్‌లో మీ పేరుకు ఎదురుగా రాసిన ఒక వరుస మాత్రమే. ఆ పుస్తకం మూసేస్తే వరుసా పోతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ విషయంలో ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు, ఇచ్చేది వాడుకునే అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడకూడదు. అమ్మినవాళ్లు తర్వాత వెనక్కి తీసుకోలేని విధంగా, శాశ్వతంగా దించుకుని ఇంటర్నెట్ లేకుండా వాడుకోగలిగే సరుకును మాత్రం ఆ నిబంధన నుంచి మినహాయించారు. ఏది నిజమైన కొనుగోలు, ఏది కాదు అన్న గీతను చట్టం కూడా ఆఫ్‌లైన్ దగ్గరే గీసిందని గమనించండి.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ చదువుతున్నాను. ఆట మొత్తం ఫోనులోనే ఉంటుంది కదా. సర్వర్ కోసం వెతికే కోడ్ తీసేస్తే ప్రతి ఆన్‌లైన్ ఆటనూ ఇలా బతికించవచ్చు కదా? కంపెనీలు ఎందుకు చేయవు?

జవాబు: ఫోనులో ఉన్నది ఆటలో సగమే. బొమ్మలు, శబ్దాలు, గెంతే దూరం, గుండు వేగం ఫోనులో ఉంటాయి. మీ దగ్గర ఏ పాత్ర ఉంది, దాని బలమెంత, స్టేజీ గెలిస్తే ఏమివ్వాలి, చీటీలో ఏం పడాలి, అయిపోయిన శక్తి తిరిగి నిండటానికి ఇంకెంత సమయం పట్టాలి, ఈ వారం ఏ ఉత్సవం నడుస్తోంది... ఇవన్నీ సర్వరే నిర్ణయిస్తుంది. మోసాన్ని అడ్డుకోవడానికి కావాలనే అలా కట్టారు. ఫోను చెప్పే లెక్కను నమ్మితే, ఫోనులోని అంకె మార్చినవాడికి కోట్ల నాణేలు వచ్చిపడతాయి. అందుకే ఫోను అడుగుతుంది, సర్వర్ జవాబిస్తుంది. సర్వర్ లేకపోతే ఫోను ప్రశ్నలు అడుగుతూనే ఉంటుంది, బదులిచ్చేవాళ్లు ఉండరు.

ఆఫ్‌లైన్ చేయాలంటే ఆ జవాబులన్నిటినీ ఫోనులోకి తేవాలి. సర్వర్ భాషలో రాసిన నియమాలను ఆట లోపల మళ్లీ రాయాలి. ఆడినంతవరకు ఫోనులోనే దాచే సేవ్ ఫైల్ అనేదే లేని ఆటకు కొత్తగా దాన్ని తయారుచేయాలి. ముక్కలు ముక్కలుగా సర్వర్ నుంచి దిగే బొమ్మలనూ స్టేజీలనూ ఒకచోట మూటగట్టాలి. ఇవన్నీ శ్రమతో జరిగే పనులు. కష్టమంతా ఆ తర్వాతి మెట్టులో ఉంది: ఆట లోపలి ఖర్చు, రాబడుల తూకం. గాచా ఆటలో ప్రతి ఇబ్బందీ ఎక్కడో ఒకచోట డబ్బు పెట్టేలా చేయడానికే ఉంటుంది. శక్తి త్వరగా అయిపోవడం, బలం మెల్లగా పెరగడం, మంచి ఆయుధం అరుదుగా పడటం, అన్నీ దానికోసమే. దుకాణం తీసేసి ఆ ఇబ్బందులను అలాగే వదిలేస్తే మిగిలేది ఆట కాదు, శిక్ష. ఏ స్టేజీలో ఎంతివ్వాలో మొదటినుంచీ మళ్లీ తూచాలి. మూతపడబోయే ఆట మీద ఇంత పనికి మనుషులను కేటాయించడం చాలా కంపెనీలకు ఇష్టముండదు.

ఇక హక్కుల చిక్కు. వేరే కంపెనీల నుంచి అతిథిగా వచ్చిన పాత్రకు, పాటకు, గొంతుకు ఒప్పందం కొన్నాళ్లకే ఉంటుంది. శాశ్వతంగా అమ్మే ఆటలో పెట్టాలంటే మళ్లీ మాట్లాడుకోవాలి, లేదా తీసేయాలి. మళ్లీ విడుదలైన ఆటల్లో కొన్ని పాత్రలు మాయమవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇంత కష్టమైనా అసాధ్యం మాత్రం కాదు. నింటెండో 2024 నవంబరు చివర్లో యానిమల్ క్రాసింగ్: పాకెట్ క్యాంప్ అనే తన ఫోను ఆట సేవను ఆపి, డిసెంబరు మొదట్లోనే ‘కంప్లీట్’ పేరుతో ఒక్కసారి కొనే రూపం విడుదల చేసింది. పాత ఆటగాళ్లు తాము ఏళ్ల తరబడి తీర్చిదిద్దుకున్న విడిదిని అందులోకి తెచ్చుకోవడానికి 2025 జూన్ దాకా గడువు కూడా ఇచ్చింది. ఎక్స్ డైవ్‌లో జరగనిది ఇక్కడ జరిగింది. ఆటగాడి సమయాన్ని గౌరవించడమంటే ఇదని నేను నమ్ముతాను. దీనికి పూర్తి విరుద్ధం ద క్రూ అనే కార్ల పందెం ఆట. దాన్ని అమ్మిన యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న సర్వర్లు ఆపేయడంతో, డబ్బు పెట్టి డిస్కు కొన్నవాళ్లు ఒంటరిగా కూడా కారు నడపలేని స్థితి వచ్చింది. ఆ కోపం నుంచే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది. ఐరోపాలో వాళ్ల పిటిషన్ 2025 జూలైలో పది లక్షల సంతకాలు దాటింది. సేవ ఆపేముందు ఆటను ఆడదగిన స్థితిలో వదలమన్నదే వాళ్ల కోరిక. సర్వర్లను ఎప్పటికీ నడపమని వాళ్లు అడగడం లేదు. ఈ తేడాను చాలామంది పట్టించుకోకుండా వాదిస్తున్నారు కాబట్టి చెప్పాల్సి వచ్చింది. మీరు రేపు ఆటలు తయారుచేసే ఉద్యోగంలో చేరితే, సర్వర్‌తో మాట్లాడే భాగాన్ని ఆటలోని మిగతా కోడ్ నుంచి మొదటిరోజే వేరుగా ఉంచండి. చివరిరోజు పని సగానికి తగ్గుతుంది.

ప్రశ్న: ఆఫ్‌లైన్ ఆట కొన్నాను. ఫోను మార్చబోతున్నాను. ఆడినదంతా కొత్త ఫోనులోకి దానంతట అదే వస్తుందా?

జవాబు: వస్తుందని అనుకుని పాత ఫోనును చెరిపేయకండి. ఆన్‌లైన్ రోజుల్లో మీ ఆటను సర్వర్ కాపాడేది. ఇప్పుడు ఆ బాధ్యత మీది. సేవ్ ఫైల్ ఒక్క ఫోనులోనే ఉంటే అది గాలిలో పెట్టిన దీపమే.

1993లో వచ్చిన మొదటి మెగా మ్యాన్ ఎక్స్‌లో సేవ్ లేదు, 12 అంకెల పాస్‌వర్డ్ ఉండేది. దాన్ని కాగితం మీద రాసుకుంటే చాలు, మరునాడు అక్కడి నుంచే ఆడవచ్చు. కాగితం ఎక్కడుందో ఆటగాడికి తెలిసేది. ఇప్పటి సేవ్ ఎక్కడుందో తెలుసుకోవడమే కష్టం. ఆండ్రాయిడ్‌లో అది యాప్ సొంత ఫోల్డర్‌లో ఉంటుంది. యాప్ తీసేసినా, సెట్టింగుల్లో ‘క్లియర్ డేటా’ లేదా ‘క్లియర్ స్టోరేజ్’ నొక్కినా పోతుంది. పక్కనే ఉండే ‘క్లియర్ క్యాష్’ వల్ల మామూలుగా సేవ్‌కు ప్రమాదం లేదు. ఈ రెండు బటన్ల మధ్య పొరబడి నేను ఒక ఆటలో ఏడాది శ్రమ పోగొట్టుకున్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. గూగుల్ ఖాతాలోకి జరిగే బ్యాకప్‌ను నమ్ముకోవాలంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి: ఒక్కో యాప్‌కు దాని హద్దు 25 ఎంబీ, పైగా ఆట తయారుచేసినవాళ్లు దాన్ని ఆపేసి ఉండవచ్చు.

ఐఫోనులో ‘ఆఫ్‌లోడ్’ చేస్తే యాప్ మాత్రమే పోయి సేవ్ మిగులుతుంది. ‘డిలీట్’ చేస్తే రెండూ పోతాయి. ఐక్లౌడ్‌కో కంప్యూటర్‌కో పూర్తి బ్యాకప్ తీసి కొత్త ఫోనులో తిరిగి నింపడం మంచి దారి. స్టీమ్‌లో ఆడేవాళ్లు ఆట పేజీలో ‘స్టీమ్ క్లౌడ్’ అనే గుర్తు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే సేవ్ ఫోల్డర్‌ను నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఏ దారి ఎంచుకున్నా కొత్త ఫోనులో ఆట తెరిచి, మీ పాత్రలు కళ్లారా చూశాకే పాతదాన్ని వదలండి.

ప్రశ్న: అదే ఆఫ్‌లైన్ ఆట, అన్ని పాత్రలూ తెరిచి ఉన్నది, ప్లే స్టోర్ బయట, నేరుగా ఫోనులో ఎక్కించుకునే ఏపీకే ఫైలుగా ఉచితంగా దొరుకుతోంది. దించుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ ఫైలులో ఎవరు ఏం కలిపారో మీరు చూడలేరు. మీ ఫోనులో బ్యాంకు యాపులు ఉన్నాయి. పైగా ఇలాంటి విడుదలలు అమ్ముడైతేనే రేపు మరో కంపెనీ తన ఆటను మూసేసే బదులు ఆఫ్‌లైన్ చేయాలని ఆలోచిస్తుంది.

ప్రశ్న: ఇప్పుడు కొన్న ఆఫ్‌లైన్ ఆట ఐదేళ్ల తర్వాత కూడా నడుస్తుందా? ‘ఆఫ్‌లైన్’ అని రాసి ఉన్నది నిజంగా ఆఫ్‌లైనేనా అని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఫోను మీద హామీ లేదు. 2017లో ఐఓఎస్ 11 రాగానే పాత 32 బిట్ పద్ధతిలో తయారైన యాపులు తెరుచుకోవడం మానేశాయి, తయారుచేసినవాళ్లు మార్చని ఆటలు ఎన్నో ఆ ఒక్క అప్‌డేట్‌తో పోయాయి. ప్లే స్టోర్ కూడా కొత్త ఆండ్రాయిడ్‌కు తగినట్టు మార్చని పాత యాపులను కొత్త ఫోన్లవాళ్లకు చూపించదు. అందుకే ఫోనూ పీసీ రెండిటిలోనూ దొరికే ఆట అయితే, ఎక్కువకాలం దాచుకోవాలనుకునేవాళ్లు పీసీలో కొనమంటాను. అక్కడ పాత ఆటలు చాలా ఎక్కువకాలం నిలుస్తున్నాయి. ఫోనులోనే ఆడాలనుకుంటే, మీకిష్టమైన ఆట ఉన్న పాత ఫోనును అమ్మేయకుండా, అప్‌డేట్లు ఆపి పక్కన పెట్టుకోండి.

రెండో ప్రశ్నకు, కొన్న రోజే ఒక పరీక్ష చేయండి. ఆట దించుకుని, లోపల అదనంగా దిగేదంతా పూర్తయ్యేదాకా ఆగండి. తర్వాత ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసి, ఆటను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఒక స్టేజీ ఆడండి. మూసి, ఫోను ఒకసారి ఆపి ఆన్ చేసి, ఇంకోసారి తెరవండి. మీరు గెలిచింది అలాగే ఉంటే అది నిజమైన ఆఫ్‌లైన్ ఆట. ‘కనెక్షన్ లేదు’ అని మొరాయిస్తే డబ్బు వెనక్కి అడగండి. ప్లే స్టోర్‌లో 48 గంటల్లోపు అడగాలి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకుండా అడగాలి. ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది, గడువు దాటకముందే చేయండి.