పాత లీనియర్ యాంప్లిఫయర్, పోతున్న ఫ్యూజు

ప్రశ్న: ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న, రెండు 3-500జెడ్ రకం వాల్వులు (గాజు ట్యూబులు) గల అమెరికా తయారీ లీనియర్ యాంప్లిఫయర్ (రేడియో ప్రసార శక్తిని పెంచే యంత్రం) ఒకటి నా చేతికి వచ్చింది. స్విచ్ వేయగానే ఫ్యూజు పోతోంది. ఇంకా పెద్ద ఫ్యూజు వేసి చూడవచ్చునా?
– ఒక హ్యామ్ (అమెచ్యూర్ రేడియో ఆపరేటరు), అనంతపురం

జవాబు: ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. ముందుగా ట్రాన్స్‌ఫార్మరు కనెక్షన్లు 120 వోల్టులకు కాక మన సరఫరాకు తగినట్లు ఉన్నాయో లేదో చూడండి. అవి సరిగానే ఉంటే అనుమానించవలసినవి పాడైన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, షార్టయిన రెక్టిఫయర్ డయోడ్లు. మూత తీసే ముందు ప్లగ్గు పీకండి. ఇలాంటి యంత్రాల్లో వాల్వుల ప్లేటుకు అందే వోల్టేజి సుమారు 2,500 నుంచి 3,000 వోల్టుల దాకా ఉంటుంది. కెపాసిటర్ల ఛార్జిని మెల్లగా దించే బ్లీడరు రెసిస్టర్లు తెగిపోయి ఉంటే, ప్లగ్గు తీసిన చాలాసేపటి తరువాత కూడా ఆ ఛార్జి ప్రాణం తీయగలదు. కాబట్టి తగినంత పొడవైన ఇన్సులేటెడ్ కర్రకు అమర్చిన హైవోల్టేజి రెసిస్టరు ద్వారా దానిని దించి, హైవోల్టేజి ప్రోబుతో సరిచూడండి. మామూలు మల్టీమీటర్లు సాధారణంగా 1,000 వోల్టులకు మించి తట్టుకోవు. కెపాసిటర్లను ఒక్కటొక్కటిగా కాక, బ్లీడర్లతో సహా మొత్తం వరుసనంతటినీ మార్చడమే మంచిది. వాల్వులు తీసి, యంత్రానికి వెళ్లే కరెంటు దారిలో సిరీస్‌గా ఒక బల్బు పెట్టి మొదటి పరీక్ష చేయండి. మన అనంతపురం దుమ్మును దులిపి ఫ్యానును కూడా బాగుచేయండి. గాలి లేకుండా 3-500జెడ్ ఫిలమెంటును సైతం వెలిగించరాదు.