ఎడమ కాలికి సెగ కొడుతోంది, ఎవరి మీద కేసు వేయాలి?

ప్రశ్న: మాది తిరుపతి. రిటైరయ్యాక ఇద్దరం ఊళ్లు తిరగాలని 16 లక్షలకు డీజిల్ వ్యాన్ కొన్నాను. పక్క రాష్ట్రంలో బాడీ కట్టే షెడ్డులో ఇచ్చి, మరో 9 లక్షలు పెట్టి మోటార్‌హోమ్‌గా చేయించాను. మంచం, సింకు, ఫ్రిజ్, వెనక్కి తిరిగే ముందు సీట్లు అన్నీ బాగానే ఉన్నాయి. కానీ షోరూమ్ నుంచి తెచ్చిన రోజు లేని వేడి ఇప్పుడు క్యాబిన్‌లో ఉంది. మొగిలి ఘాట్ ఎక్కేసరికి ఎడమ కాలు పిక్క దగ్గర ఎర్రగా కమిలిపోయింది. ఇంజిన్ కవర్ ఎత్తి చూస్తే లోపల కంపెనీ ఇచ్చిన దుప్పటిలాంటి పొర సగమే ఉంది. చుట్టూ ఉండాల్సిన రబ్బరు బీడింగ్‌ను సీటు స్టాండు పడేచోట కోసేశారు. షెడ్డువాళ్లేమో ‘డీజిల్ బండి అంటే అంతే, కంపెనీనే అడుక్కో’ అంటున్నారు. షోరూమ్‌వాళ్లేమో ‘బాడీ మార్చేశారు, వారంటీ లేదు’ అంటున్నారు. బండి చేతికొచ్చి 14 నెలలు. నేనే షీటు కొని అతికించుకుంటే చట్టం ఒప్పుకుంటుందా? ఖాళీగా ఉన్నప్పుడు తెలిసినవాళ్లకు బాడుగకు ఇస్తుంటాను, వాళ్లూ ఈ వేడికి తిడుతున్నారు.

జవాబు: షీటు అతికించడం నేరం కాదు. కానీ ఇప్పుడే అతికించొద్దు.

ఎందుకో ముందు చెబుతాను. నా దగ్గరికి ఒకాయన వేరే బండి గొడవతో వచ్చారు. విసిగిపోయి సొంత డబ్బుతో బాగు చేయించుకుని, ఆ తర్వాత కేసు వేశారు. అవతలి లాయరు అడిగింది ఒకటే మాట: ‘ఇప్పుడు బండిలో లోపం ఉందా?’ ఈయన నిజాయతీగా ‘లేదు’ అన్నారు. ఇక ఆ బండిలో లోపం ఉండేదని రుజువు చేయడానికి మా తాతలు దిగొచ్చారు. మీ విషయంలో ఆ కోసేసిన బీడింగే సాక్షి. మీ ఉత్తరంలో మిగతా పేరాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క వాక్యం ఒక ఎత్తు.

మీ బండిలో ఇంజిన్ రెండు ముందు సీట్ల మధ్య, కవర్ కింద ఉంటుంది. డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి క్లచ్ తొక్కే ఎడమ కాలు ఆ కవర్‌కు ఆనుకునే ఉంటుంది. ఘాట్‌లో రెండో గేరులో, మూడో గేరులో ఇంజిన్ బలంగా పనిచేస్తుంది. బండి నెమ్మదిగా పోతుంది గనక ఎదురుగాలి తగలదు. పొగగొట్టం మొదలయ్యే చోట, టర్బో దగ్గర పుట్టిన సెగ ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి లోపలికి వస్తుంది. పొర, బీడింగ్ ఉన్నది ఆ సందులు మూయడానికే. వేడితోపాటు పొగ వాసన కూడా వస్తుంటే మాత్రం కేసు సంగతి తర్వాత, ముందు మెకానిక్‌కు చూపించండి. ఆ సందు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా రావచ్చు. మీరు పడుకునేదీ ఆ బండిలోనే కదా.

ఇక ఎవరి మీద కేసు అన్నది. సెగ ఎక్కడి నుంచి వస్తోందో తేలితే ప్రతివాది ఎవరో అదే తేలిపోతుంది. ఏసీ మెకానిక్‌ల దగ్గర ఉష్ణోగ్రత కొలిచే గన్ను ఉంటుంది, అడిగి తీసుకోండి. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, భాకరాపేట ఘాట్ ఎక్కి దిగాక ఒకసారి నాలుగు చోట్ల కొలవండి: కవర్ నడినెత్తిన, కవర్ అంచున బీడింగ్ కోసిన చోట, గేర్ రాడ్ తొడుగు దగ్గర, పెడళ్ల కింద. అంచున మాత్రమే మండిపోతుంటే అది షెడ్డు పని. షెడ్డువాళ్లు వైర్ల కోసం పెడళ్ల వెనక రేకుకు రంధ్రాలు పెట్టి వదిలేసినా వాళ్లదే. కవర్ మామూలుగానే ఉండి కాళ్ల దగ్గర మాత్రం వేడిగాలి కొడుతుంటే, క్యాబిన్ హీటరు వాల్వు పూర్తిగా మూసుకోక అందులో ఇంజిన్ వేడినీళ్లు తిరుగుతున్నాయేమో చూడాలి. షెడ్డు దాన్ని ముట్టుకోకపోతే అది కంపెనీవైపు లోపం.

ఇంకా గట్టి సాక్ష్యం ఒకటుంది. మీ మోడల్ వ్యాన్లే తిరుపతిలో స్కూలు బళ్లుగా, కొండకు యాత్రికుల్ని తీసుకెళ్లే బళ్లుగా తిరుగుతుంటాయి. ఒక ఆదివారం ఎవరినైనా బతిమాలి, డీజిల్ పోయించి, అదే ఘాట్‌లో ఆ బండిని కూడా కొలవండి. మార్చని బండికీ మార్చిన బండికీ తేడా కాగితం మీద కనిపిస్తే ‘డీజిల్ బండి అంటే అంతే’ అన్న మాట నిలవదు. రీడింగూ కిలోమీటర్ల మీటరూ రెండూ పడేలా ఫొటోలు తీయండి. ఆ ఫోన్ మార్చొద్దు. ఫోన్ ఫొటోను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం అనే చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

నోటీసు మాత్రం షెడ్డు, షోరూమ్ ఇద్దరికీ ఇవ్వండి, కేసులోనూ ఇద్దరినీ చేర్చండి. ఒకరినే చేరిస్తే ఆ ఒకరు తప్పంతా కోర్టులో లేనివాడి మీదికి నెట్టేస్తారు. షోరూమ్ చెప్పే మాటలో పస ఉందని మాత్రం ముందే తెలుసుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ ప్రకారం, హాని జరిగే నాటికి వస్తువును మార్చేసి ఉంటే అమ్మినవాడి మీద ఉత్పత్తి బాధ్యత దావా, అంటే వస్తువు లోపం వల్ల జరిగిన హానికి పరిహారం కోరే కేసు, నడవదు. అదే చట్టం 86వ సెక్షన్ మాత్రం, మార్పు చేసినవాడు అమ్మకందారైతే, ఆ మార్పే హానికి ముఖ్య కారణమైతే అతనే బాధ్యుడంటుంది. మీ షెడ్డు ‘మేం బండి అమ్మలేదు, పని చేశాం అంతే’ అని తప్పించుకోబోతే దానికీ జవాబుంది. డబ్బు తీసుకుని చేసిన పని సేవ, అందులో లోటు సేవాలోపం. నా లెక్కలో మీ అసలు కేసు సేవాలోపమే.

షెడ్డు ఏ రాష్ట్రంలో ఉన్నా అదే చట్టం 34వ సెక్షన్ మీరు నివసించే చోట కేసు వేసుకోనిస్తుంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. ఇద్దరినీ చేర్చి 25 లక్షల లెక్కన వేస్తే ఫీజు 1,000 రూపాయలు. గడువు రెండేళ్లు. మీకు మిగిలింది పది నెలలే. మీరు ఫోన్లు చేస్తున్నారని, వాళ్లు రేపు మాపు అంటున్నారని ఆ గడియారం ఆగదు.

కోరికలో దురాశ వద్దు. ‘25 లక్షలూ వాపసు ఇప్పించండి’ అని రాస్తే కమిషన్ ముఖం చిట్లిస్తుంది. వారంటీ ఉన్నది లోపమున్న భాగాన్ని మార్చడానికే గానీ మొత్తం బండిని మార్చడానికి కాదని సుప్రీంకోర్టు 2006లోనే ఒక కారు కేసులో చెప్పింది. పొర, బీడింగ్ సరిగ్గా వేసి, రంధ్రాలు మూసి ఇవ్వాలని, లేదా ఆ ఖర్చు ఇవ్వాలని అడగండి. కమిలిన కాలికి చూపించుకున్న చీటీ ఉంటే దానికి పరిహారం, ఖర్చులు కలపండి. దాఖలు చేసిన వెంటనే నిపుణుడి తనిఖీ కోసం పిటిషన్ వేయండి. ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ విభాగం పేరు సూచించొచ్చు.

ఇప్పుడు మీకు నచ్చని మాటలు రెండు. మొదటిది ఆర్‌సీ. అందులో బండి ఏమని ఉంది? ఇంకా 13 సీట్ల వ్యాన్ అని ఉండి లోపల మంచం ఉంటే, అవతలివాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు ఆర్‌సీ వివరాలు తేడా పడేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చెప్పింది. 182-ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. నోటీసు కంటే ముందు రవాణా ఆఫీసులో ఇది చక్కబెట్టుకోండి. కవర్ కింద పొర, బీడింగ్ వేయడం ఆర్‌సీలోని ఏ వివరాన్నీ మార్చదు, అది మరమ్మతే. కప్పు కోసి పెద్ద ఏసీ పెడితే బండి బరువు మారుతుంది, అది వేరే కథ. లారీ క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది కదా అని అడగబోతారేమో, ఆ నిబంధన 2025 అక్టోబరు 1 నుంచి తయారైన, మూడున్నర టన్నులు దాటిన సరుకు బళ్లకే.

రెండోది ఆ బాడుగ. సొంత వాడకానికని రిజిస్టరైన క్యాంపర్ వ్యాన్‌ను పర్మిట్ లేకుండా బాడుగకు తిప్పితే మోటారు వాహనాల చట్టం 192-ఏ కింద మొదటిసారికే 10,000 జరిమానా, జైలు కూడా పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొండిచెయ్యి చూపిస్తారు. పైగా వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడే కాడు, అంటే కేసు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ‘తెలిసినవాళ్లే’ అన్న మాట అక్కడ పనికిరాదు. ఈ రోజు నుంచే ఆపేయండి.

తనిఖీ అయ్యాక పొర వేయించుకోండి, కేసు తేలేదాకా కాళ్లు కాల్చుకోనక్కర్లేదు. అయితే అంగట్లో దొరికే స్పాంజి, కార్పెట్ ముక్కలు ఇంజిన్ దగ్గర పెట్టొద్దు. అవి నూనె పీల్చుకుని నిప్పంటుకుంటాయి. మంటకు తట్టుకుంటుందని రాసి ఉన్న, రేకు పూత వేసిన పొరే కొని బిల్లు దాచండి. విప్పిన పాత బీడింగ్ ముక్కను పారేయకుండా ప్లాస్టిక్ కవర్లో వేసి, తేదీ రాసి, మెకానిక్‌తో సంతకం పెట్టించి బీరువాలో పెట్టండి.