మస్ట్ నాట్ వేరు, డోంట్ హ్యావ్ టు వేరు

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ, ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌ల రిసెప్షన్ చూస్త. పేషెంట్లకు ఇంగ్లిష్‌ల వాట్సాప్ మెసేజ్‌లు మేమే టైప్ చేసి పంపుతం. హెచ్‌బీఏ1సీ అనే షుగర్ టెస్టుకు పరగడుపున రావాల్సిన అవసరం లేదని చెప్పనీకి మా కొలీగ్ "యూ మస్ట్ నాట్ ఫాస్ట్" అని పెట్టింది. నేను తప్పన్న. మస్ట్, హ్యావ్ టు రెండూ ఒకటే అయినప్పుడు వాటి నెగెటివ్‌లు కూడా ఒకటే గదా అంటది ఆమె. ఎవరిది కరెక్ట్?

జవాబు: మీదే కరెక్ట్ చెల్లె. ఆమె అన్నదాంట్ల సగం నిజముంది, "యూ మస్ట్ గో" అన్నా "యూ హ్యావ్ టు గో" అన్నా పోవాలె అనే. కానీ నాట్ వచ్చి చేరంగనే రెండింటి తొవ్వలు వేరైతయి. మస్ట్ నాట్ అంటే చెయ్యనే వద్దు అని, డోంట్ హ్యావ్ టు అంటే చెయ్యకున్నా నడుస్తది, చేస్తే మీ ఇష్టం అని.

అంటే మీ కొలీగ్ మెసేజ్ చదివినోళ్ళకు పరగడుపున వస్తే టెస్ట్ పాడైతదేమో అనిపిస్తది, పొద్దుగాల ఏం తినకుండ బయల్దేరిన పెద్దమనిషి అది చూసి దారిల ఆగి టిఫిన్ చేసినా చేస్తడు. హెచ్‌బీఏ1సీ చూపెట్టేది దాదాపు మూడు నెలల షుగర్ సగటు, పొద్దున తిన్న ఇడ్లీతోని దానికి పని లేదు, అందుకే "యూ డోంట్ హ్యావ్ టు ఫాస్ట్" అని పెట్టాలె. అదే ఫాస్టింగ్ షుగర్ అయితే కనీసం 8 గంటలు ఏం తినొద్దు, అక్కడ మాత్రం "యూ మస్ట్ నాట్ ఈట్" అని గట్టిగనే రాయాలె, షుడ్ నాట్ అని రాస్తే సలహా ఇచ్చినట్టుంటది, ఒక బిస్కట్‌కు ఏమైతది అనుకునేటోళ్ళు ఉంటరు. దాంతోపాటు "యూ క్యాన్ డ్రింక్ వాటర్" అని కూడా కలపండి, మంచినీళ్ళు కూడా ముట్టకుండ వచ్చి కూసునే ముసలోళ్ళు మస్తుమంది.

ఆమెకు ఇంకా డౌటుంటే మహాలక్ష్మి బస్సు చెప్పండి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల మన ఆడోళ్ళకు ఫ్రీ, అంటే "విమెన్ డోంట్ హ్యావ్ టు పే". మస్ట్ నాట్ పే అన్నరనుకో, పైసలిస్తే తప్పు అన్నట్టైతది. పైసలు కట్టేది లేకున్నా జీరో టికెట్ మాత్రం తీసుకోవాలె, "దే హ్యావ్ టు టేక్ ఎ జీరో టికెట్", అది రూల్.

ఇంకొకటి, మస్ట్‌ల చెప్పేటోళ్ళ పట్టుదల వినవడ్తది, హ్యావ్ టు అంటే రూల్ బయటినుంచి వచ్చినట్టు. "యూ మస్ట్ కమ్ టు అవర్ హౌస్" అని చుట్టాలను పిలిస్తే ప్రేమ, కానీ పేషెంట్‌కు "యూ మస్ట్ కమ్ ఎట్ సెవెన్" అని పెడితే ఆర్డరేసినట్టుంటది, అక్కడ "ప్లీజ్ కమ్ ఎట్ సెవెన్" చాలు. మస్ట్ తర్వాత టు మాత్రం పెట్టకండి, మస్ట్ టు కమ్ అనేది లేనే లేదు.

ప్రశ్న: నిన్న నేను కాజీపేట పోవాల్సి వచ్చింది అనాలంటే మస్ట్‌తోని ఎట్ల? (ఇంటర్ స్టూడెంట్, పరకాల)

జవాబు: మస్ట్‌తోని రాదు తమ్మీ, "ఐ హ్యాడ్ టు గో టు కాజీపేట" అనాలె. "హీ మస్ట్ హ్యావ్ గాన్" అని ఎక్కడన్నా కనవడితే అది పోయి ఉంటడు అనే అంచనా, పోవాల్సి వచ్చిందని కాదు. పోవాల్సిన పని పడలేదు అంటే "ఐ డిడ్ నాట్ హ్యావ్ టు గో". పోనియ్యలేదు అంటే "ఐ వాజ్ నాట్ అలౌడ్ టు గో".