నాన్నగారి కిడ్నీ వైద్యానికి జీడితోట అమ్మాలా?

ప్రశ్న: మాది కవిటి మండలం. 66 ఏళ్ల మా నాన్నగారికి రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తోంది. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ 2.6 వచ్చింది. స్కానింగ్‌లో ప్రొస్టేట్ గ్రంథి 58 గ్రాములనీ, మూత్రవిసర్జన తర్వాత కూడా మూత్రసంచిలో 240 మి.లీ. మిగిలిందనీ రాశారు. డయాలసిస్ తప్పదేమోనన్న భయంతో ఎకరం జీడితోట అమ్మేద్దామని తమ్ముడు అంటున్నాడు. చేతిలో రూ.4 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తోట బేరాన్ని ప్రస్తుతానికి ఆపమనే చెబుతాను. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానంలో క్రియాటినిన్ మాట వినగానే డయాలసిస్ మంచమే కళ్ల ముందు మెదులుతుందని నాకు తెలుసు. అయితే మీ వివరాలు చదువుతూ నేను ఆగిపోయింది ఆ 240 మి.లీ. దగ్గర. మూత్రవిసర్జన తర్వాత సంచి దాదాపు ఖాళీ కావాలి. ప్రొస్టేట్ పెరిగి మూత్రమార్గాన్ని నొక్కినప్పుడు మూత్రం నిలిచిపోయి, ఆ ఒత్తిడి కిడ్నీల దాకా పాకి, క్రియాటినిన్ పెరగవచ్చు. అడ్డు తొలగిస్తే, అది ఎంతకాలంగా ఉందన్నదాన్ని బట్టి, కొంతవరకైనా తగ్గే అవకాశం ఉంటుంది. అందుకే ఈ వారంలోనే యూరాలజిస్టుకు (మూత్రమార్గ వ్యాధుల నిపుణుడికి) చూపించండి. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నెఫ్రాలజిస్టు (కిడ్నీ వ్యాధుల నిపుణుడు) అభిప్రాయమూ అవసరమే. కిడ్నీలు వాచి ఉన్నాయా, కుంచించుకుపోయాయా అన్నది స్కానింగ్ చెబుతుంది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో, రక్తంలో పొటాషియం ఎంత ఉందో చిన్న పరీక్షలతోనే తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకుంటున్నారేమో నాన్నగారిని నెమ్మదిగా అడగండి. వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, ఎందుకంటే దెబ్బతిన్న కిడ్నీలకు అవి మరింత హాని చేస్తాయి.

ఇంతగా రోగనిర్ధారణ గురించి రాయడానికి కారణం ఉంది. ప్రొస్టేట్‌కు మందులతో సరిపోవచ్చు, లేదా ఎండోస్కోపీ ద్వారా చేసే ఆపరేషన్ కావాలి. ఆపరేషనైనా అది చాలావరకు ఒక్కసారి అయ్యే ఖర్చు, దానికి ఎఫ్‌డీ ఉంది. డయాలసిస్ అయితే సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున, ఏళ్ల తరబడి సాగుతుంది. అలాంటి ఖర్చుకు కావలసింది ఏటా కాపునిచ్చే ఆధారం. ఆ భయంతోనే తోట అమ్మితే, భయపడిన రోజు నిజంగా వచ్చేసరికి ఆధారమే ఉండదు.

పైగా ఆ ఖర్చంతా మీ మీదే పడనక్కర్లేదు. బియ్యం కార్డు ఉంటే రాష్ట్ర ప్రభుత్వ పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద డయాలసిస్ ఉచితంగా జరుగుతుంది, అర్హతను బట్టి నెలకు రూ.10,000 పింఛను కూడా వస్తుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ముందు అక్కడికి వెళ్లి, ఏ సేవలు అందుతాయో వైద్యసేవ సహాయకుణ్ణి అడగండి.

ఇప్పుడు నాన్నగారికి ఆరోగ్య బీమా తీసుకున్నా, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు. ఏజెంటు ఏమన్నా సరే, ఈ రిపోర్టులను దాచి పాలసీ తీసుకోవద్దు, క్లెయిమ్ రోజున అది తిరస్కరణకు దారి తీస్తుంది. మీరూ తమ్ముడూ మాత్రం క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకుని, ఆరోగ్యంగా ఉండగానే పాలసీ తీసుకోండి. మీరు పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతున్నట్లయితే, దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యమని నిపుణుడు రాసిచ్చినప్పుడు, నాన్నగారి వైద్యానికి మీరు పెట్టిన ఖర్చులో రూ.లక్ష వరకు మినహాయింపు దొరుకుతుంది, బిల్లులు భద్రపరచండి.

ఆపరేషన్ నిశ్చయమైతే ఎఫ్‌డీని కూడా వెంటనే పగలగొట్టకండి. గడువు దగ్గరలోనే ఉంటే దాని మీదే బ్యాంకు రుణం అడగండి, సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువకు ఇస్తారు.